ఇంటర్వెల్ దాకా విన్న సినిమాలు

ఏటా డిసెంబరులో హాలీవుడ్‌లో ఒక జాబితా బయటికొస్తుంది. ఇంకా తెరకెక్కని స్క్రిప్టుల్లో చదివినవాళ్ళకి బాగా నచ్చినవి ఏవో, దేనికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే పట్టిక అది. పేరు బ్లాక్ లిస్ట్. 2005లో లియొనార్డో డికాప్రియో నిర్మాణ సంస్థలో పనిచేస్తున్న ఫ్రాంక్లిన్ లెనార్డ్ అనే కుర్రాడు, సెలవుల్లో చదువుకోవడానికి మంచి స్క్రిప్టులు దొరకడం లేదని విసుగెత్తి, తనలాంటి స్టూడియో ఉద్యోగులకు మెయిళ్ళు పెట్టాడు. మీకు నచ్చిన పది పేర్లు చెప్పండి, అందరివీ కలిపి మీకే తిరిగి పంపిస్తాను అన్నాడు. ఆ పట్టిక చేతులు మారి మారి ఊరంతా తిరిగింది. మొదటి ఏడాది అందులో ఉన్న 'జూనో' తర్వాత ఆస్కార్ కొట్టింది. తర్వాతి ఏళ్ళ పట్టికల్లోంచి వచ్చిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్', 'ది కింగ్స్ స్పీచ్', 'ఆర్గో', 'స్పాట్‌లైట్' నాలుగూ ఉత్తమ చిత్రాలయ్యాయి.

ఇది తెలిసినప్పట్నుంచీ నాకొకటే దిగులు. మనకెందుకు లేదిలాంటి పట్టిక? తీయని కథలకు మన దగ్గరేమైనా కరువా? హైదరాబాదులో సినిమావాళ్ళ పేట కృష్ణానగర్‌లో ఏ టీ బండి దగ్గరైనా నిలబడి "కథ ఉందా" అని కాస్త గట్టిగా అడిగి చూడండి. పది గ్లాసులు ఒకేసారి కిందికి దిగుతాయి, పది మొహాలు మీ వైపు తిరుగుతాయి. టీ కాచే ఆయన కూడా పొయ్యి తగ్గించి వస్తాడు. ఆయన దగ్గర రెండున్నాయి. ఒకటి పాన్ ఇండియా.

ఆలోచించగా ఆలోచించగా కారణం తెలిసింది. అక్కడ స్క్రిప్టు చదువుతారు. ఇక్కడ వింటారు. అక్కడివాళ్ళు నూట ఇరవై పేజీలు బ్యాగులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి, పక్క మీద పడుకుని, నచ్చకపోతే ముప్ఫయ్యో పేజీలో మడత పెట్టి లైటార్పేస్తారు. మన నిర్మాతగారికి కాగితం చూపిస్తే, అది కోర్టు నోటీసేమోనన్నట్టు మేనేజర్ వైపు చూస్తారు. "అవన్నీ ఎందుకమ్మా, నువ్వు చెప్పు" అంటారు. ఇక చెప్పాలి. రెండు గంటలు, రెండున్నర గంటలు, కాగితం చూడకుండా, పాటలతో, ఫైట్లతో, నేపథ్య సంగీతంతో సహా చెప్పాలి. కథ బాగుండీ చెప్పడం రానివాళ్ళు ఇరవయ్యేళ్ళుగా కో-డైరెక్టర్లుగానే ఉన్నారు. చెప్పడం మాత్రమే వచ్చినవాళ్ళ సినిమాలు మనం చూస్తూనే ఉన్నాం.

బౌండ్ స్క్రిప్టు లేదని కాదు. ఉంటుంది. స్పైరల్ బైండింగ్ చేయించి, పైన పసుపు కుంకుమ పెట్టి, తిరుమల తీసుకెళ్ళి స్వామివారి పాదాల దగ్గర పెట్టిస్తారు. దాని ప్రతి చేరేది ఆ ఒక్క సన్నిధికే. ఆయనకు నచ్చినా ఏం లాభం? ఆయన డేట్స్ ఇవ్వడు.

మన స్క్రిప్టుల్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి పరిశ్రమ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. డీటీపీ ఆపరేటర్. చేతిరాత కాగితాలు ముందు పెట్టుకుని, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టకటకా కొట్టుకుపోయే మనిషి. మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. మన ఫ్రాంక్లిన్ లెనార్డ్ అంటూ ఎవరైనా ఉంటే ఆయనే. ఫలానా కథ ఎలా ఉందండీ అని అడిగాను ఒకసారి.

"ఫస్టాఫ్‌లో తప్పులు తక్కువ పడ్డాయి సార్. సెకండాఫ్‌కి వచ్చేసరికి హీరోయిన్ పేరు మూడు రకాలుగా కొట్టాను. అక్కడ నాకు నిద్రొచ్చింది" అన్నాడు.

ఇంతకంటే నిజాయితీ గల సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు. అక్షర దోషాలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే కథ ఎక్కడ పడిపోయిందో తెలిసిపోతుంది. నిర్మాతలు ఆయన్ని జీతానికి పెట్టుకుంటే ఏడాదికి ఎన్ని కోట్లు మిగులుతాయో!

ఇక నా సంగతి. నేను సినిమా మనిషిని కాను. బీమా కంపెనీలో క్లెయిములు చూసి రిటైరయ్యాను. యూసుఫ్‌గూడ వైపు ఇల్లు కట్టుకోవడం వల్ల, పొద్దున్నే నడకకు బయల్దేరితే కాళ్ళు వాటంతటవే కృష్ణానగర్ వైపు పోతాయి. అక్కడ నాకు మూడు అర్హతలున్నాయని గుర్తించారు. తీరిక ఉంది, ఆవలించను, టీ డబ్బులిస్తాను. హీరోగారికి చెప్పబోయే ముందు గొంతు సవరించుకోవడానికి, నిర్మాతకు చెప్పబోయే ముందు ఎక్కడ నవ్వు పడుతుందో చూసుకోవడానికి వాళ్ళకో మనిషి కావాలి. ఆ మనిషిని నేను. నలభై ఏళ్ళు అగ్నిప్రమాదాల కథలూ వరద నష్టాల కథలూ విన్నవాణ్ణి. ఎక్కడ కల్పన మొదలైందో పసిగట్టే విద్య ఉద్యోగంలోనే అబ్బింది.

నేరేషన్ ఎలా ఉంటుందో వినని వాళ్ళ కోసం చెప్తాను. మొన్నొక కో-డైరెక్టర్ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు బల్ల శుభ్రం చేశాడు. పంచదార డబ్బా అటు జరిపాడు. అది హీరో ఇల్లు. నీళ్ళ జగ్గు ఇటు పెట్టాడు. అది కలెక్టరాఫీసు. సాల్ట్ బిస్కెట్ ఒకటి తీసి నా గ్లాసు పక్కన ఉంచాడు. అది విలన్ స్కార్పియో. కళ్ళు మూసుకున్నాడు.

"ఓపెన్ చేస్తే... చీకటి."

మర్యాదకి నేను కూడా కళ్ళు మూసుకున్నాను.

"దూరంగా ఒక్క లైటు సార్. దగ్గరికొస్తోంది. దగ్గరికొస్తోంది. ఇంకా దగ్గరికొస్తోంది."

లైటు ఎంతకీ రాదు. అసలే హైదరాబాదు ట్రాఫిక్ అని ఊరుకున్నాను. ఈలోగా అతను నోటితో సంగీతం మొదలెట్టాడు. ముందు వయొలిన్లు, తర్వాత డప్పులు, ఆ పైన ఏదో విదేశీ వాయిద్యం. హీరో ఎంట్రీ వచ్చేసరికి స్టూలు మీంచి స్లో మోషన్‌లో లేవడం మొదలెట్టాడు. పూర్తిగా నిలబడటానికి నిమిషం పైన పట్టింది. వెనక గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని పోతున్న మనిషి ఆగి, దారి ఇవ్వాలా వద్దా అని చూస్తున్నాడు. మధ్యలో తల్లి చనిపోయే సీన్ ఒకటి చెప్పి, తనే కళ్ళు తుడుచుకుని, నాకూ ఒక టిష్యూ ఇచ్చాడు. తుడుచుకోకపోతే బాగుండదని నేనూ తుడుచుకున్నాను. చివర్లో హఠాత్తుగా విలన్ స్కార్పియోని ఎత్తి టీలో ముంచి నోట్లో వేసుకున్నాడు. అబ్బ, క్లైమాక్స్ ఏం పెట్టాడురా అనుకున్నాను. క్లైమాక్స్ ఇంకా రాలేదట. ఆకలేసిందట.

ఇలా వినగా వినగా, మన పట్టిక నేనే ఎందుకు వెయ్యకూడదనిపించింది. హాలీవుడ్ లెక్క ఓట్లది. నా లెక్క చల్లారిన టీలది. కథ చెబుతుంటే బల్ల చుట్టూ ఎన్ని గ్లాసులు తాగకుండా మీగడ కట్టాయో అన్ని మార్కులు. సాల్ట్ బిస్కెట్ స్కార్పియోకి ఒక్కటీ పడలేదు, నేను నాది ముందే తాగేశాను. ఈ లెక్కన పైకొచ్చిన కథలు, తీస్తే తప్పక చూడాల్సినవి, మూడు చెప్తాను. పేర్లు చెప్పను. కృష్ణానగర్‌లో కథకి పేరు పెట్టేది హీరో డేట్స్ దొరికాకే. అంతవరకూ బోరు కథ, బస్సు కథ అనే పిలుస్తారు.

బోరు కథకి గ్లాసులన్నీ చల్లారాయి. అనంతపురం వైపు ఒక ఊరు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడుస్తూ, కాయ లేచి నిలబడ్డ చోట నీళ్ళున్నాయని చెప్పే పెద్దాయన. ఆయన చూపించిన చోటల్లా నీళ్ళు పడ్డాయి, సొంత పొలంలో తప్ప. కూతురి పెళ్ళి ముంగిట ఆఖరి అప్పు చేసి తిరుచెంగోడు బోరు లారీని పిలిపిస్తాడు. కథంతా ఒక్క రాత్రే. ఒక్కో రాడ్డు భూమిలోకి దిగుతుంటే ఒక్కో అప్పు, ఒక్కో పాత తగాదా, అన్నదమ్ముల మధ్య ఒక్కో మాట పైకొస్తుంటాయి. అడుక్కింత అని మీటరు తిరుగుతూనే ఉంటుంది. లారీతో వచ్చిన తమిళ కుర్రాళ్ళకి వీళ్ళ గొడవ అర్థం కాదు, కానీ పెద్దాయన మొహం చూసి రాడ్డు దించడం ఆపరు. తెల్లారేలోగా నీళ్ళు పడతాయా, దుమ్ము లేస్తుందా? అది చెప్పిన కుర్రాడిది అదే ఊరు. నోటితో సంగీతం వాయించలేదు. బోరు శబ్దం మాత్రం ఒకసారి చేశాడు, చాలా సేపు.

మొదటి నిర్మాత విని "హీరో కొబ్బరికాయ పట్టుకుని నిలబడటమేంటయ్యా, ఏదో ఒకటి చెయ్యాలి కదా" అన్నాడట. పెద్దాయన కాస్తా బోరు లారీల ఓనరయ్యాడు, రాడ్డుతో కొట్టడం మొదలెట్టాడు. రెండో నిర్మాత "నీళ్ళు అందరికీ పడతాయి, ఇంకేదైనా పడితే?" అన్నాడు. పెట్రోలు పడింది. పెట్రోలుతోబాటు దుబాయ్ వచ్చింది, దుబాయ్‌తోబాటు ఐటమ్ సాంగ్ వచ్చింది. 'కాంతార' ఆడిన ఏడాది అదే బోరులోంచి అమ్మవారు వచ్చింది. ఆఖరికి ఒక ఓటీటీ ఆఫీసులో ఎయిర్ కండిషనర్ కింద కూర్చోబెట్టి, ఎనిమిది ఎపిసోడ్లుగా చెయ్యమన్నారు.

"సార్, ఒక్క బోరుకి ఎనిమిది ఎపిసోడ్లంటే ఎంత లోతు వెయ్యాలి సార్?" అని అడిగాడు నన్ను. క్లెయిములు చూసిన అనుభవంతో చెప్పగలిగిందొక్కటే. అంత లోతుకి కంపెనీ డబ్బివ్వదు.

రెండోది బస్సు కథ. పల్లెలో రాత్రి ఆగి తెల్లారి బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు. కొత్తగా వచ్చిన కండక్టర్. పట్నంలో కుట్టుపని నేర్చుకోవడానికి రోజూ అదే బస్సెక్కే అమ్మాయి. చిల్లర లేదని కండక్టర్ టికెట్టు వెనక మూడు రూపాయలు రాసిస్తాడు. దిగేటప్పుడు అడగడం ఆమె మర్చిపోతుంది. మర్నాడు ఆ టికెట్టు చూపిస్తే ఇతని దగ్గర మళ్ళీ చిల్లర ఉండదు, ఐదని రాస్తాడు. బాకీ అలా పెరుగుతుంది. బాకీ తీరితే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు, అందుకని జేబునిండా చిల్లర పెట్టుకుని కూడా లేదంటాడతను. ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నవన్నీ టికెట్టు వెనక అంకెలే. ఇది విని నాతోబాటు పక్కబల్ల వాళ్ళు కూడా టీ మర్చిపోయారు.

నిర్మాత దొరికాడు. కొత్త హీరో ఓకే అన్నాడు. డిపో పర్మిషన్ కోసం తిరుగుతున్నారు. సరిగ్గా అప్పుడు, 2023 డిసెంబరు 9న, తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది. అమ్మాయికి జీరో టికెట్టు. జీరో టికెట్టుకి చిల్లరెక్కడిది? చిల్లర లేకపోతే ప్రేమెక్కడిది? రాష్ట్రంలో ఆడవాళ్ళందరూ సంతోషంగా బస్సెక్కుతున్న రోజున కృష్ణానగర్‌లో ఒక్కడు మాత్రం టీ బండి దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు.

ధైర్యం వదల్లేదు. నేటివిటీ మార్చేశాను సార్, గోదావరి జిల్లాకి పట్టుకుపోయాను అన్నాడు. యాస కూడా మార్చాడు. 2025 ఆగస్టు 15న ఆంధ్రాలోనూ ఉచితమైంది. పోనీ కన్నడంలో చేద్దామా అంటే, అక్కడ ఈ రెండు చోట్లకంటే ముందే మొదలెట్టేశారు. ఇంక మిగిలిందొక్కటే దారి. కథని తొంభైల్లోకి నెట్టాడు. అప్పటి ఎర్రబస్సు కావాలి, అప్పటి బస్టాండు సెట్టు వెయ్యాలి, గోడల మీద అప్పటి సినిమా పోస్టర్లు అతికించాలి. మూడు రూపాయల బాకీ కథ పదిహేను కోట్ల పీరియడ్ ఫిల్మయి కూర్చుంది. ప్రస్తుతం హోల్డ్‌లో ఉంది.

ఇవన్నీ చిన్నవాళ్ళ కష్టాలనుకునేరు. పెద్దవాళ్ళ కథలూ ఊళ్ళు తిరిగే ఒక ఒడ్డుకి చేరాయి. 2006లో రికార్డులు తిరగరాసిన 'పోకిరి' మొదట పోకిరి కాదు. పూరి జగన్నాథ్ దాన్ని 'ఉత్తమ్ సింగ్ సన్నాఫ్ సూర్యనారాయణ' అని రాసుకున్నాడు, రవితేజతో అనుకున్నాడు. మహేశ్ బాబు దగ్గరికి వచ్చేసరికి మన నేటివిటీకి మార్చమన్నారు. సర్దార్జీ నేపథ్యం పోయింది, పేరు పోయింది, మిగిలింది ఏడాదంతా ఆడింది. అలాగని ప్రతి కథా ఒడ్డుకి చేరదు. ఆ పూరీగారే ఏళ్ళ తరబడి కల కన్న 'జనగణమన' 2022 మార్చిలో విజయ్ దేవరకొండతో మొదలైంది. 2023 ఆగస్టు 3న విడుదల అని తేదీ కూడా ప్రకటించారు. మధ్యలో వాళ్ళిద్దరి 'లైగర్' వచ్చి బోల్తా కొట్టింది. జనగణమన అక్కడితో ఆగింది.

అల్లూరి సీతారామరాజు కథయితే ఎన్ని గుమ్మాలెక్కిందో. నిర్మాత డి.ఎల్. నారాయణ శోభన్‌బాబుతో తీయాలనుకున్నారు, కుదరలేదు. ఎన్టీఆర్‌కీ ఆ వేషం మీద మోజుండేది. చివరికి కృష్ణ తన నూరో సినిమాగా తీసుకున్నారు. మహారథి రాశారు. తీస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూశారు. అయినా ఆపకుండా పూర్తిచేసి 1974 మే 1న విడుదల చేశారు. తర్వాతెప్పుడో ఎన్టీఆర్ ఆ సినిమా చూసి, ఇంక మనం తీయక్కర్లేదని ఊరుకున్నారు. ఒక కథ ఎవరికి రాసిపెట్టి ఉందో తేల్చేది రచయితల సంఘం కాదన్నమాట.

సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' వచ్చింది 1991లో. దాని తరువాయి 'ఆదిత్య 999' ఇదిగో అదిగో అని ఏళ్ళుగా వింటూనే ఉన్నాం. నాకు దాని మీద బెంగ లేదు. టైమ్ మెషీన్ కథకి ఆలస్యమేమిటి? ఎప్పుడు తీసినా సకాలంలో తీసినట్టే.

ఇక చెప్పుకోలేక మిగిలిపోయిన వాళ్ళకి ఈమధ్య ఒక ఆశ కనిపించింది. తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' పట్టుకుని చాలా ఆఫీసుల మెట్లెక్కి దిగాడు. 2016లో అది విడుదలై, జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమైంది, మాటలకి కూడా అవార్డొచ్చింది. 'కేరాఫ్ కంచరపాలెం' కథకి ఇక్కడెవరూ ముందుకు రాకపోతే, అమెరికాలో గుండె డాక్టరు పరుచూరి ప్రవీణ డబ్బు పెట్టారు. అప్పట్నుంచీ కృష్ణానగర్‌లో ఎవరికి ఛాతీ నొప్పొచ్చినా ముందు స్క్రిప్టు జేబులో పెట్టుకునే ఆస్పత్రికి పోతున్నారు.

మూడో కథ చెప్పేముందు దొంగతనాల సంగతి చెప్పాలి, ఎందుకంటే దానివల్లే నాకు నిద్ర కరువైంది. సత్యజిత్ రాయ్ 1967లో 'ది ఏలియన్' అని ఒక స్క్రిప్టు రాశారు. బెంగాల్ పల్లెలో చెరువులో దిగిన గ్రహాంతరవాసి కథ. కొలంబియా కంపెనీ ఒప్పుకుంది, పీటర్ సెల్లర్స్ నటిస్తానన్నాడు. తీరా రాయ్ అమెరికా వెళ్ళి చూస్తే, స్క్రిప్టు నకళ్ళు అప్పటికే చేతులు మారుతున్నాయి, వాటి మీద మధ్యవర్తి పేరు కూడా రచయితగా ఉంది. సినిమా ఆగిపోయింది. 1982లో 'ఈటీ' వచ్చినప్పుడు రాయ్‌కి తన కథ గుర్తొచ్చిందంటే రాదా మరి! అంతటాయనకే అలా జరిగాక, కృష్ణానగర్ కుర్రాడు ఊరుకుంటాడా? రచయితల సంఘంలో రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. అదీ చాలదని అసలు సంగతి ఎవరికీ చెప్పడు. "ఇంటర్వెల్ దాకా చెప్తాను సార్. సెకండాఫ్ అడ్వాన్సు పడ్డాకే." ఇదీ ఇప్పటి పద్ధతి. దాంతో నా దగ్గర ఉన్నవన్నీ ఫస్టాఫ్‌లే. ప్రపంచంలో ఇన్ని ఇంటర్వెల్ బ్యాంగులు చూసి, ఒక్క శుభం కార్డూ చూడనివాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వాటిలో నన్ను పీక్కుతిన్నది ఈ మూడోది. తెనాలిలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే కుర్రాడు. రాత్రంతా చీకటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, తలంబ్రాలకి పూలు రాల్చడం, అప్పగింతలకి పాట అతికించడం. ఓసారి ఒక పెళ్ళి భోజనాల బంతిలో, వరస చివర కూర్చున్న ఒక మనిషి మీద కన్ను ఆగుతుంది. బూడిద రంగు చొక్కా. కిందటి వారం వేరే ఊళ్ళో, వేరే కులం వాళ్ళ పెళ్ళిలో కూడా ఇతనే కదా? పాత డ్రైవులన్నీ తీసి చూస్తాడు. ప్రతి పెళ్ళిలోనూ ఉన్నాడు. బంతి చివరే కూర్చుంటాడు, పులిహోర రెండోసారి అడుగుతాడు, వెళ్తూ చదివింపులు కూడా చదివిస్తాడు, ఒక్కో చోట ఒక్కో ఇంటిపేరుతో. ఉచితంగా తినిపోయేవాడైతే డబ్బెందుకిస్తాడు? ఒక వీడియోలో అతను నడిచి పోతుంటే పెళ్ళికూతురు పీటల మీంచి తలెత్తి చూస్తుంది. ఒక్క క్షణమే. ఈలోగా కుర్రాడి అమ్మ, మా పెళ్ళి వీడియో పాడైపోతోంది, కాస్త సీడీలోకి ఎక్కించరా అని పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్టు ఇస్తుంది. ఎక్కిస్తుంటే భోజనాల బంతి వస్తుంది. వరస చివర అదే మనిషి. అదే చొక్కా. అదే వయసు.

"ఇంటర్వెల్" అని లేచి నిలబడ్డాడు ఆ కుర్రాడు.

నా చేతిలో టీ గ్లాసుంది. అందులో ఈగ పడి కూడా చాలాసేపయింది.

"తర్వాత?" అన్నాను.

"అడ్వాన్సు సార్" అన్నాడు, మర్యాదగానే.

ఎంత బతిమాలినా చెప్పలేదు. అవకాశాలు రాక కొన్నాళ్ళకి సొంత ఊరు వెళ్ళి మొబైల్ షాపు పెట్టుకున్నాడు. సెకండాఫ్ కూడా అతనితోబాటే తెనాలి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఏ పెళ్ళికి వెళ్ళినా నా చూపు పెళ్ళికొడుకు మీద కాదు, బంతి చివర కూర్చున్న వాళ్ళ మీదే. మొన్న మా మేనల్లుడి పెళ్ళిలో బూడిద రంగు చొక్కా ఆయన్ని పట్టుకుని, "మీ ఇంటిపేరేంటండీ" అని ఒకటికి నాలుగుసార్లు అడిగాను. ఆయన వియ్యంకుడి తోడల్లుడట. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఇక లాభం లేదని ఫోన్ చేశాను.

"బాబూ, బాగున్నావా? షాపెలా ఉంది?"

"దయ సార్. చెప్పండి సార్."

"ఏం లేదు. ఆ బూడిద చొక్కా..."

అవతల చిన్న నవ్వు. "సార్, మీరు పెద్దవారు, మీ దగ్గర దాపరికమేంటి. కానీ పద్ధతని ఒకటుంది కదా సార్."

ఫోన్‌పేలో వెయ్యిన్నూట పదహారు రూపాయలు పంపించాను. టోకెన్ అడ్వాన్సు అని కింద రాయమన్నాడు, రాశాను. షాపు షట్టరు సగం దించి, గంటన్నర పాటు సెకండాఫ్ మొత్తం చెప్పాడు. ఆ మనిషెవరో, పులిహోర రెండోసారి ఎందుకు అడుగుతాడో, వాళ్ళమ్మ ఆ క్యాసెట్టు ఇన్నేళ్ళు ఎందుకు దాచిందో, అన్నీ తెలిశాయి. మీకు చెప్పను. హక్కులు నావి.

ఫోను చెవికి ఆనించుకుని కాసేపు అలాగే ఉన్నాను. అద్భుతంగా ఉంది. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను. ఏమైందో ఏమో, లోపల్నుంచి వేరే గొంతు బయటికొచ్చింది.

"బాగుంది బాబూ. కానీ ప్రీ క్లైమాక్స్ కొంచెం లాగ్ అనిపించింది. తల్లి క్యారెక్టర్‌ని కాస్త ముందే రివీల్ చేస్తే? పెళ్ళి వీడియో కాబట్టి పాటలకి స్కోపుంది, ఒక మాస్ సాంగ్ పడొచ్చు. అన్నట్టు ఆ చొక్కా బూడిద రంగే ఎందుకు? తెర మీద లేవదు. ఎరుపు చేస్తే?"

అవతల చాలాసేపు మాటల్లేవు. తర్వాత, ఎన్నో ఆఫీసుల్లో అరిగిపోయిన వినయంతో, "చేసేద్దాం సార్" అన్నాడు.

"శభాష్."

"బౌండ్ స్క్రిప్టు కూడా రెడీగా ఉంది సార్. కొరియర్ చేస్తాను, తీరిగ్గా ఒకసారి చదవండి."

"ఇప్పుడు కాగితాలెందుకు బాబూ" అన్నాను. "ఆదివారం ఒకసారి వచ్చి చెప్పు."